ఈ మాత్రలు మన గదిలోనే ఇవ్వచ్చు

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఫ్యామిలీ మెడిసిన్‌లో పని చేస్తున్నవాళ్ళే, కొందరు ఇంకా ట్రైనింగ్‌లో ఉన్నారు, నర్సులు కూడా చాలామంది వచ్చారు, చాలా సంతోషం. ఈ రోజు నేను మాట్లాడేది మందులతో చేసే అబార్షన్ గురించి. అది కూడా పెద్దాసుపత్రిలో కాకుండా, రోజూ బీపీ, షుగరు, పిల్లల జ్వరాలు, మోకాళ్ళ నొప్పులు చూసే మన మామూలు గదిలో ఎలా చేస్తామన్నది. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇది మనం చేయగలిగిన పని, చేయాల్సిన పని, దీనికి కావాల్సిన నైపుణ్యంలో ముప్పాతిక వంతు మనకి ఇప్పటికే ఉంది. మిగిలిన పావు వంతు నేర్చుకోవడం కష్టం కాదు. కష్టమల్లా మన భయాన్ని పక్కన పెట్టడమే.

పీరియడ్ తప్పిందని అనుమానం వచ్చిన మనిషి మొదట ఎవరి దగ్గరికి వెళ్తుంది? తనని ముందునుంచీ చూస్తున్న డాక్టరు దగ్గరికి. ఆమెకి ఆస్తమా ఉందని, పోయినసారి కాన్పు కష్టమైందని, ఇంట్లో పరిస్థితి బాలేదని తెలిసిన డాక్టరు దగ్గరికి. ఆవిడ వచ్చి, కూర్చుని, కాసేపు తలనొప్పి గురించి మాట్లాడి, లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి "ఇంకో విషయం అడగాలి" అంటుంది చూడండి, ఆ ఇంకో విషయమే అసలు విషయం. అప్పుడు మనం "ఇది మా దగ్గర చూడం, ఫలానా చోటికి వెళ్ళండి" అని చీటీ రాసిచ్చేస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. అక్కడ అపాయింట్‌మెంట్‌కి వారం, వాళ్ళు స్కానింగ్ రాస్తే దానికి ఇంకొన్ని రోజులు, సెలవు దొరక్క, పిల్లల్ని చూసేవాళ్ళు లేక ఇంకొన్ని రోజులు. ఇలా ఏడు వారాల గర్భం కాస్తా పదకొండు వారాలవుతుంది. ఏడు వారాల దగ్గర మాత్రలతో ఇంట్లోనే అయిపోయేది ఇప్పుడు చాలా చోట్ల ఆసుపత్రి పనైపోతుంది. ఆ ఆలస్యానికి కారణం ఆమె కాదు. మనం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ప్రపంచంలో సుమారు 7 కోట్ల 30 లక్షల అబార్షన్లు జరుగుతున్నాయి. వాటిలో 45 శాతం సురక్షితం కాని పద్ధతుల్లో జరిగేవి. సురక్షితమైన పద్ధతి లేక కాదు, ఉంది, ఎప్పటినుంచో ఉంది, అది ఆమె చేతికి అందట్లేదు, అంతే. 2005లో మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే ఈ రెండు అబార్షన్ మందుల్నీ ఆ సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, 2019లో ప్రధాన జాబితాలోకి మార్చి, దగ్గరుండి నిపుణుల పర్యవేక్షణ కావాలన్న షరతు కూడా తీసేసింది. 2022 మార్గదర్శకాల్లో అయితే 12 వారాల లోపు మందులతో చేసే అబార్షన్‌ని జనరల్ ప్రాక్టీషనర్లు, నర్సులు, శిక్షణ పొందిన మంత్రసానులు (మిడ్‌వైఫ్‌లు) కూడా చేయించవచ్చని స్పష్టంగా రాసింది. "ఇది స్పెషలిస్టుల పని" అని ఇంకా అనుకుంటున్నవాళ్ళు ఆ పేజీలు ఒకసారి చదవండి.

కొంచెం చరిత్ర చెప్తాను, ఎందుకంటే ఈ మందుల కథ తెలిస్తే వాటిమీద ఉన్న టెన్షన్ సగం తగ్గుతుంది. మిఫెప్రిస్టోన్ 1980లో ఫ్రాన్స్‌లో రూసెల్ ఉక్లాఫ్ అనే కంపెనీలో తయారైంది, దాన్ని ముందుకు తీసుకెళ్ళిన శాస్త్రవేత్త ఎటియెన్ ఎమిల్ బోలియు. 1988 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ అనుమతి ఇచ్చింది, నెల తిరిగేసరికి నిరసనలకి భయపడి కంపెనీ మందుని వెనక్కి తీసుకుంది, అప్పుడు ఆరోగ్య మంత్రి క్లాడ్ ఎవాన్ ఇది ఇక కంపెనీ సొత్తు మాత్రమే కాదు, స్త్రీలకి నైతికంగా చెందిన ఆస్తి అని చెప్పి మళ్ళీ మార్కెట్లోకి తెప్పించాడు. అమెరికా అనుమతి వచ్చింది 2000లో. రెండో మందు మిసోప్రోస్టాల్ కథ ఇంకా గొప్పది. అది కడుపులో పుండ్లకి తయారు చేసిన మందు. గర్భిణులు వాడకూడదు, గర్భం పోవచ్చు అని దానిమీద హెచ్చరిక ఉండేది. 1980ల చివర్లో, అబార్షన్ నేరంగా ఉన్న బ్రెజిల్‌లో ఆడవాళ్ళు ఆ హెచ్చరికని చూసి, దాన్ని తమకి కావాల్సిన సమాచారంగా చదువుకున్నారు. ఒకరినుంచి ఒకరికి నోటిమాటగా పాకింది. అంతకుముందు పుల్లలు, ద్రావకాలు లోపలికి పెట్టుకుని కుళ్ళిపోయి ఆసుపత్రులకి వచ్చే కేసులు అక్కడ తగ్గడం డాక్టర్లు గమనించారు. అంటే ఈ వైద్యంలో సగం మనకి నేర్పింది ప్రొఫెసర్లు కాదు, దిక్కుతోచని స్థితిలో ఉన్న మామూలు ఆడవాళ్ళు. నాకు ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

సరే, మనలాంటి డాక్టర్లు దీన్ని చేస్తున్నారా అంటే, చేస్తున్నారు. ఐర్లండ్ చూడండి. 2012లో గాల్వేలో సవిత హలప్పనవర్ అనే 31 ఏళ్ళ డెంటిస్టు, మన దేశం నుంచి వెళ్ళిన అమ్మాయి, గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని అబార్షన్ చేయక, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి చనిపోయింది. దేశం మొత్తం కదిలింది. 2018 మే నెల రెఫరెండంలో 66 శాతం మంది నిషేధాన్ని తొలగించాలని ఓటేశారు. 2019 జనవరి నుంచి అక్కడ 9 వారాల వరకు అబార్షన్ అంటే ప్రధానంగా జనరల్ ప్రాక్టీషనర్ల పనే. వీధి చివర క్లినిక్ నడిపే డాక్టర్లు, ముందురోజు దాకా ఈ మందుని చేత్తో పట్టుకోనివాళ్ళు, కొన్ని నెలల్లో నేర్చుకుని మొదలుపెట్టారు. కెనడాలో 2017 నుంచి ఈ మందు దొరుకుతోంది, ఫ్యామిలీ డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్లు మామూలు ప్రిస్క్రిప్షన్ రాస్తారు, ఆమె మందుల షాపులో తీసుకుని ఇంటికి వెళ్తుంది. ఫ్రాన్స్‌లో అయితే ఆసుపత్రి బయట ప్రాక్టీసు చేసే డాక్టర్లు ఇంకా ముందునుంచే ఇస్తున్నారు. చట్టం మాత్రం దేశానికొక రకం, కొన్నిచోట్ల రాష్ట్రానికొక రకం. ఎన్ని వారాల దాకా, ఎవరు ఇవ్వచ్చు, ఎక్కడ ఇవ్వచ్చు, ఏ కాగితాలు రాయాలి, ఇవన్నీ మీరు పని చేసే చోట ఉన్న చట్టాన్ని మీరే కూర్చుని చదవండి. పక్క డాక్టరు చెప్పినదాన్ని నమ్మి ఆగిపోకండి, చాలాసార్లు చట్టం కంటే చట్టం గురించిన పుకారే కఠినంగా ఉంటుంది.

ఇక పనిలోకి వద్దాం.

మిఫెప్రిస్టోన్ చేసేది ప్రొజెస్టరాన్‌ని అడ్డుకోవడం. గర్భం నిలవడానికి ఆ హార్మోన్ కావాలి, అది పనిచేయకపోతే గర్భసంచి లోపలి పొర విడిపోవడం మొదలవుతుంది, గర్భసంచి ముఖం మెత్తబడుతుంది, రెండో మందుకి గర్భసంచి బాగా స్పందించేలా తయారవుతుంది. ఒకటి నుంచి రెండు రోజుల తర్వాత వేసే మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేసి లోపలున్నదాన్ని బయటికి పంపుతుంది. మోతాదు అందరికీ ఒకటే, గుర్తుపెట్టుకోవడం తేలిక: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు ఒక మాత్ర నీళ్ళతో మింగాలి, 24 నుంచి 48 గంటల మధ్య మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు, అంటే 200 మైక్రోగ్రాముల మాత్రలు నాలుగు. ఈ నాలుగూ మింగేవి కాదు. ఇక్కడే తికమక పడతారు, కాబట్టి నేను మాటల్లో చెప్పి వదిలెయ్యను. బల్ల మీద నాలుగు మాత్రలు పెట్టి, ఈ రెండూ కుడి బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య, ఆ రెండూ ఎడమ పక్క, అరగంట అలా ఉంచండి, మాట్లాడకుండా ఉంటే మంచిది, ముందు కొంచెం నీళ్ళతో నోరు తడుపుకోండి, అరగంట తర్వాత మిగిలిన పిండిలాంటిదాన్ని నీళ్ళతో మింగేయండి అని, వేలితో నా బుగ్గ మీద చూపించి, ఆమెని తిరిగి నాకు చెప్పమంటాను. నాలుక కింద పెట్టుకోవచ్చు, యోనిలో పెట్టుకోవచ్చు, అవీ పని చేస్తాయి. నాలుక కింద పెడితే చలి, వాంతులు కాస్త ఎక్కువగా ఉంటాయి. యోనిలో పెట్టుకుంటే పూర్తిగా కరగని మాత్రల ముక్కలు తర్వాత పరీక్షలో కనిపించే అవకాశం ఉంది, అబార్షన్ విషయం గుట్టుగా ఉండాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు, ముందే చెప్పాలి.

9 వారాల లోపు అయితే ఇలా ఇచ్చిన 100 మందిలో 95 మందికి పైగా ఇంకే వైద్యమూ లేకుండా పూర్తయిపోతుంది. 9 వారాలు దాటితే మిసోప్రోస్టాల్ రెండో మోతాదు కూడా చేతికిచ్చి పంపిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది. గర్భం కొనసాగడం అనేది 100లో ఒకరికి అటూఇటూ. రక్తం ఎక్కించాల్సి రావడం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఇన్ఫెక్షన్ రావడం, ఇవి ఒక శాతం కంటే బాగా తక్కువ. మిఫెప్రిస్టోన్ దొరకని చోట మిసోప్రోస్టాల్ ఒక్కదాన్నే మూడు గంటలకోసారి 800 మైక్రోగ్రాములు చొప్పున ఇస్తారు. అది కూడా పని చేస్తుంది, కానీ నొప్పి, విరేచనాలు ఎక్కువ, రెండూ దొరికితే రెండూ వాడండి.

ఎవరికి ఇవ్వకూడదు? ఈ జాబితా చిన్నదే, ఫ్యామిలీ డాక్టరుకి కొత్తది కూడా కాదు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం ఉన్నట్టు తెలిసినా, అనుమానం ఉన్నా ఇవ్వకూడదు. అడ్రినల్ గ్రంథి దెబ్బతిన్నవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళు, వంశపారంపర్యంగా వచ్చే పోర్ఫైరియా అనే జబ్బు ఉన్నవాళ్ళు, ఈ మందులు పడనివాళ్ళు. లూప్ లోపల ఉంటే ముందు తీసేయాలి. తీవ్రమైన రక్తహీనత ఉంటే ఆగి ఆలోచించాలి. ఆస్తమాకి పీల్చే ఇన్‌హేలర్ అడ్డు కాదు. సిజేరియన్ అయి ఉండటం అడ్డు కాదు. పాలిస్తుంటే ఆపనక్కర్లేదు. ఇవన్నీ ఆమె ఫైల్లో మన చేతిరాతతోనే ఉంటాయి, కొత్త చోట కూర్చుని అన్నీ మొదటినుంచీ చెప్పుకోవాల్సిన అవస్థ ఆమెకి ఉండదు, మన గదిలో ఇవ్వడంలో ఉన్న పెద్ద లాభం ఇదే.

స్కానింగ్ తప్పనిసరా అని అందరూ అడుగుతారు. తప్పనిసరి కాదు. చివరి పీరియడ్ తేదీ కచ్చితంగా గుర్తుండి, పీరియడ్స్ సరిగ్గా వచ్చే మనిషై, 10 వారాల లోపు ఉండి, ట్యూబు గర్భం లక్షణాలు గానీ రిస్కు గానీ లేకపోతే, స్కానింగ్ లేకుండానే ఇవ్వచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2020లో కోవిడ్ వల్ల ఫోన్లో మాట్లాడి మాత్రలు ఇంటికి పంపే పద్ధతి పెట్టారు. 52 వేలమందికి పైగా రికార్డులు పరిశీలిస్తే, పాత పద్ధతిలో 98.2 శాతం, కొత్త పద్ధతిలో 98.8 శాతం సఫలం. ఎదురుచూపు సగటున 4 రోజులు తగ్గింది. అలాగే 12 వారాల లోపు రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయినా, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. కాబట్టి ఒక్కో టెస్టు రాసేముందు, దీనివల్ల నా నిర్ణయం మారుతుందా అని మిమ్మల్ని మీరు అడగండి. మారదంటే ఆ టెస్టు ఆమె దారిలో మనం వేసిన ముల్లు.

అయితే ట్యూబు గర్భం విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా సడలించకండి. ఒకపక్కే నొప్పి ఉందా, మధ్యలో రక్తం కనపడిందా, ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చిందా, ట్యూబు ఆపరేషన్ అయిందా, లూప్ ఉండగా గర్భం వచ్చిందా? వీటిలో దేనికైనా అవునంటే స్కానింగ్ ఆ రోజే. ఈ మందులు ట్యూబు గర్భానికి పని చెయ్యవు. ఇంకోటి, మిసోప్రోస్టాల్ వేసుకున్న 24 గంటల్లో రక్తస్రావం అసలు కాకపోయినా, ఏదో చుక్కలు పడి ఆగిపోయినా, మందు పని చెయ్యలేదనుకుని ఇంకో మోతాదు ఇచ్చి ఊరుకోవద్దు. గర్భం ఎక్కడుందో తేల్చండి.

ఇప్పుడు నా దృష్టిలో ఈ వైద్యంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తున్నాను. మందు ఇవ్వడానికి రెండు నిమిషాలు చాలు. ఏం జరగబోతోందో ఆమెకి నిజం చెప్పడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట మిగుల్చుకుందామనుకుంటే అర్ధరాత్రి ఫోన్లో అరగంట పోతుంది, పైగా ఆమె భయపడిపోయి ఉంటుంది.

"మామూలు పీరియడ్ లాగే ఉంటుంది" అని చెప్పకండి, దయచేసి. అలా ఉండదు. ఆరు వారాలప్పుడు కొందరికి అలా ఉండొచ్చేమో గానీ, తొమ్మిది వారాల దగ్గర నొప్పి చాలా గట్టిగా వస్తుంది, కొందరు కాన్పు నొప్పులతో పోలుస్తారు. మిసోప్రోస్టాల్ వేసుకున్న ఒకటి నుంచి నాలుగు గంటల్లో నొప్పి, బ్లీడింగ్ మొదలవుతాయి, కొన్ని గంటలపాటు బాగా ఎక్కువగా ఉండి, గర్భం పడిపోయాక తగ్గుముఖం పడతాయి. గడ్డలు పడతాయి, నిమ్మకాయంత పడినా కంగారు పడక్కర్లేదు. చలి, వణుకు, కొద్దిపాటి జ్వరం, వాంతులు, విరేచనాలు, ఇవి మిసోప్రోస్టాల్ గుణాలు, ఆ రోజుతో పోతాయి. ఏం కనిపిస్తుందో కూడా చెప్పండి. ఏడు వారాల్లోపు చాలావరకు గడ్డలు, పొరలు తప్ప ఇంకేమీ గుర్తుపట్టలేరు, తొమ్మిది పది వారాలకి చిన్న ఆకారం కనిపించవచ్చు. చూడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, కానీ తెలియకుండా హఠాత్తుగా చూడటం మాత్రం జరగకూడదు. ఈ మాట చెప్పడానికి మనకి ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పాలి.

నొప్పికి ఐబుప్రోఫెన్ ఇవ్వండి, 600 నుంచి 800 మిల్లీగ్రాములు, అల్సర్, కిడ్నీ సమస్య లాంటివి లేవని చూసుకుని. అది మిసోప్రోస్టాల్ పనిని దెబ్బతీస్తుందని చాలామంది భయపడి పారాసిటమాల్ రాస్తారు. దెబ్బతీయదు, పోల్చి చూసిన పరీక్షల్లో ఐబుప్రోఫెనే మెరుగ్గా పని చేసింది. వేడినీళ్ళ సంచీ, వాంతికి ఒక మాత్ర, పెద్ద ప్యాడ్లు, పక్కన నమ్మకమైన మనిషి. పిల్లలున్న తల్లి అయితే పిల్లల్ని ఎవరు చూస్తారు, మరుసటి రోజు పనికి వెళ్ళాలా, ఇవన్నీ అడిగి, మిసోప్రోస్టాల్ ఏ రోజు ఏ టైముకి వేసుకోవాలో ఇద్దరూ కలిసి నిర్ణయించండి. రాత్రి పడుకునేముందు వేసుకుంటే ఆ రాత్రికి ఇక నిద్ర ఉండదు.

ఫోన్ విషయం. ఆమెకి ఒక నంబరు ఇవ్వాలి, ఆ నంబరుకి ఎవరైనా పలకాలి. ఒక మామూలు ఫోన్ ఎలా ఉంటుందో చెప్తాను. "డాక్టరు గారూ, రక్తం చాలా పోతోంది, నాకు భయంగా ఉంది." అప్పుడు నేను "కంగారు పడకండి" అనను, ఆ మాట ఎవరికీ పనికిరాదు. ప్రశ్నలు అడుగుతాను. మాత్రలు ఎన్ని గంటలకి పెట్టుకున్నారమ్మా? ప్యాడ్ ఎప్పుడు మార్చారు? తీసేసిన ప్యాడ్ అంచులదాకా, కిందిదాకా తడిసిందా, మధ్యలోనేనా? అంతకుముందుది? లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? పక్కన ఎవరున్నారు, ఫోన్ వాళ్ళకివ్వండి. ఇలా అడుగుతుండగానే ఆమె గొంతు మారుతుంది, లెక్క చెప్పడం మొదలుపెట్టాక భయం కాస్త పక్కకి జరుగుతుంది. చాలాసార్లు తేలేది ఏమిటంటే మూడు గంటలైంది, రెండు ప్యాడ్లు, ఇప్పుడే పెద్ద గడ్డ పడింది, నొప్పి కొంచెం తగ్గింది. అది అనుకున్నట్టే జరుగుతున్న అబార్షన్. ఒక గంట తర్వాత మళ్ళీ నేనే చేస్తానని చెప్పి, చేస్తాను. చెప్పి చేయకపోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు మాత్రం కాగితం మీద రాసివ్వండి, ఆమె చదివే భాషలో. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ వరసగా రెండు గంటలు సాగితే. కళ్ళు తిరిగి పడిపోయేలా ఉంటే. మాత్రలు వేసుకున్న 24 గంటల తర్వాత కూడా 38 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే. నొప్పి మందులకి లొంగని నొప్పి, దుర్వాసనతో స్రావం. ఇంకో అరుదైన ప్రమాదం డాక్టర్లుగా మనం గుర్తుపెట్టుకోవాలి, క్లాస్ట్రిడియం సోర్డెలియై అనే క్రిమి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌లో జ్వరం ఉండకపోవచ్చు. రోజు గడిచాక కూడా ఒంట్లో అస్సలు బాలేదు, నీరసం, వాంతులు, గుండె దడ అంటే "ఫ్లూ అయుంటుంది" అని ఫోన్లో తేల్చేయకుండా మనిషిని చూడండి.

తర్వాత చూపులకి మనిషి గదికి రావాలన్న నియమం అక్కర్లేదు. వారం రోజులకి ఫోన్ చేసి, బ్లీడింగ్ ఎలా జరిగింది, గడ్డలు పడ్డాయా, వికారం, రొమ్ముల నొప్పి పోయాయా, మీకు ఇంకా గర్భం ఉన్నట్టు అనిపిస్తోందా అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి ఆమె చెప్పే జవాబుకి మనం అనుకున్నదానికంటే ఎక్కువ విలువ ఉంది. రక్తంలో హెచ్‌సీజీ, అంటే గర్భం ఉన్నప్పుడు తయారయ్యే హార్మోన్, చూస్తే వారానికి 80 శాతం పడిపోయి ఉండాలి. ఇంట్లో చేసే యూరిన్ టెస్టు నాలుగు వారాల దాకా పాజిటివ్ చూపించవచ్చు, రెండో వారమే చేసుకుని ఏడుస్తూ ఫోన్ చేస్తారు, కాబట్టి తేదీ వేసి ఇవ్వండి. స్కానింగ్ చేస్తే గర్భసంచిలో పొర మందంగా, గడ్డలు ఉన్నట్టు రిపోర్ట్ వస్తుంది, ఆ రిపోర్ట్ చూసి క్లీన్ చేయించేస్తారు చాలామంది. మనిషి బాగుండి, బ్లీడింగ్ తగ్గుతూ ఉంటే పొర మందానికి వైద్యం చెయ్యక్కర్లేదు, అది అనవసరమైన ఆపరేషన్. బ్లీడింగ్ రెండు వారాల దాకా, కొందరికి నెల దాకా కొద్దికొద్దిగా కనిపించడం మామూలే. గర్భం కొనసాగుతోందని తేలితే మాత్రం ఆలస్యం వద్దు, మిసోప్రోస్టాల్‌కి పుట్టుకతో వచ్చే లోపాలు కలిగించే గుణం ఉంది, ఇది మొదటి రోజే చెప్పి ఉండాలి.

మళ్ళీ గర్భం వద్దనుకునేవాళ్ళకి మొదటి రోజే దారి చూపించవచ్చు. ఎనిమిది రోజులకే అండం విడుదలయ్యే అవకాశం ఉంది కాబట్టి "పీరియడ్ వచ్చాక రండి" అంటే ఆలస్యమే. చేతిలో పెట్టే ఇంప్లాంట్ మిఫెప్రిస్టోన్ ఇచ్చిన రోజే పెట్టచ్చు, గర్భనిరోధక మాత్రలు వెంటనే మొదలుపెట్టచ్చు, లూప్ మాత్రం పూర్తయిందని తేలాక. కానీ అబార్షన్ చేయాలంటే లూప్ వేయించుకోవాలి అన్నట్టు ఎప్పుడూ మాట్లాడకండి. ఆ రోజు ఆమె దాని గురించి మాట్లాడే స్థితిలో లేకపోతే వదిలెయ్యండి, మన పేషెంటే కదా, మళ్ళీ వస్తుంది.

ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడటం కూడా నియమంగా పెట్టుకోండి. భర్త, తల్లి, అత్తగారు, ఎవరు వెంట వచ్చినా సరే, కొద్దిసేపు బయట ఉండమనండి. "ఇది మీరు కోరుకుంటున్నదేనా, ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా?" ఒత్తిడి రెండు వైపులా ఉంటుంది, చేయించుకోమనీ, వద్దనీ. ఇంకా తేల్చుకోలేదంటే టైమివ్వండి, తేల్చుకుని వచ్చిందంటే మళ్ళీ పరీక్ష పెట్టకండి. తర్వాత బాధపడతారేమో అని డాక్టర్లకి ఉండే బెంగకి కూడా సమాధానం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు అబార్షన్ దొరికినవాళ్ళనీ, వారాలు దాటిపోయాయని తిప్పి పంపేసినవాళ్ళనీ సుమారు వెయ్యిమందిని 5 ఏళ్ళు వెంబడించి చూశారు. చేయించుకున్నవాళ్ళలో 95 శాతానికి పైగా అది తమకి సరైన నిర్ణయమనే చెప్పారు, అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిన భావం ఊరట. తిప్పి పంపినవాళ్ళే డబ్బు కష్టాల్లో, కొట్టే భాగస్వామి దగ్గర ఎక్కువగా చిక్కుకుపోయారు. ఏడ్చేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. ఏడవడం, పశ్చాత్తాపం ఒకటి కావు.

ఇంకో విషయం, ఇవే మందులు గర్భం తనంతట తాను పోయినప్పుడు కూడా కావాలి. గుండె చప్పుడు ఆగిపోయింది, బ్లీడింగ్ కావట్లేదు, ఆమె ఇంట్లో ఎదురుచూస్తోంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో మిసోప్రోస్టాల్ ఒక్కటే ఇస్తే 67 శాతం మందికి మొదటి మోతాదుతో పూర్తయింది, ముందు మిఫెప్రిస్టోన్ ఇచ్చి తర్వాత అది ఇస్తే 84 శాతం మందికి. మందు అదే, మోతాదు అదే, చెప్పాల్సిన జాగ్రత్తలూ అవే. బిడ్డ కావాలనుకుని పోగొట్టుకున్న ఆమెకి మనం చూపించే ఓపిక, మెత్తని మాట, వద్దనుకున్న ఆమెకి కూడా దక్కాలి. ఒకే గదిలో రెండు రకాల గొంతులతో మాట్లాడకూడదు.

మీ ప్రశ్నలకి టైముంది. అడగండి.

వెనకనుంచి నర్సు గారు అడుగుతున్నారు, ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడ ఏం చెప్పాలి అని. వైద్యం వరకు తేడా లేదు, అబార్షన్ మాత్రల వల్ల వచ్చిన బ్లీడింగ్‌కి, సహజంగా పోయిన గర్భానికి చేసే చికిత్స ఒకటే, మామూలుగా చేసే రక్తపరీక్షల్లో ఈ మందులు కనపడవు కూడా. మనం ముందే ఒక ఉత్తరం రాసి చేతికిస్తే, ఏ మందు, ఏ తేదీ, ఎన్ని వారాలు అని, అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు ఆమెని నిలదీయాల్సిన పని ఉండదు.

ఆ చివర్న మీరు, అవునండి, మనసొప్పని డాక్టరు ఏం చెయ్యాలి? మీరు ఇవ్వకుండా ఉండొచ్చు, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ రోజే, ఆ నిమిషమే, ఉపన్యాసం లేకుండా, ఇక్కడ నేను ఇవ్వను, ఫలానా వాళ్ళు ఇస్తారు, ఇదిగో ఫోన్ అని చెప్పి, అవతల అపాయింట్‌మెంట్ దొరికిందో లేదో కనుక్కోవాలి. ఆమె వారాలు మీ మనస్సాక్షి ఖాతాలో ఖర్చు కాకూడదు. ముందు వేసిన మిఫెప్రిస్టోన్ మాత్రని ప్రొజెస్టరాన్‌తో తిప్పికొట్టవచ్చని చెప్పేవాళ్ళున్నారు, దానికి ఆధారం లేదు, పరీక్షించబోయిన ఒక అధ్యయనాన్ని తీవ్రమైన రక్తస్రావాల వల్ల మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

ఎలా మొదలుపెట్టాలి అన్నది ఆఖరి ప్రశ్న. ముందు రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళతో మాట్లాడండి, ఎందుకంటే ఫోన్ ఎత్తేది వాళ్ళు, వాళ్ళ గొంతులో ఒక్క విసుగు వినపడినా ఆమె ఫోన్ పెట్టేస్తుంది. తర్వాత దగ్గర్లో ఉన్న ఆసుపత్రి గైనిక్ డాక్టరుకి ఫోన్ చేసి, నేను ఇది మొదలుపెడుతున్నాను, అవసరమైతే మీ దగ్గరికి పంపుతాను అని పరిచయం చేసుకోండి, ఇది పేషెంటు రాకముందు జరగాలి, వచ్చాక కాదు. మొదటి కొందరిని తేదీ కచ్చితంగా తెలిసినవాళ్ళని, ఎనిమిది వారాల లోపువాళ్ళని తీసుకోండి. ప్రతి ఒక్కరికీ మిసోప్రోస్టాల్ వేసుకున్న మర్నాడు పొద్దున మీరే ఫోన్ చెయ్యండి. నమూనా ఉత్తరం, ఆమెకి ఇచ్చే కాగితం, ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు ఈ బల్ల మీద పెట్టాను, మీ క్లినిక్‌కి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి.